నేల మీద మేకు

ఎర్రమంజిల్‌లో మా చర్చికి వచ్చేవాళ్లంతా నేను బొగ్గుగనిలో పనిచేస్తానని అనుకుంటారు. అది మా అమ్మ కృపావరం చలవ. మూడేళ్ల కింద నాకు ఉద్యోగం దొరికిన ఆదివారం ఆమె లేచి నిలబడి, బిడ్డ తబిత గని పనికి కుదిరింది, దాని క్షేమం కోసం ప్రార్థించండి అని సంఘమంతటినీ అడిగింది. ఆ రోజు నుంచీ పాస్టరుగారు ప్రతి ఆదివారం భూమి అడుగున ఉన్న నన్ను కాపాడమని దేవుణ్ణి వేడుకుంటూనే ఉన్నారు. నేనేమో అమీర్‌పేటలో మూడో అంతస్తులో, ఏసీ చలికి శాలువా కప్పుకుని కూర్చుని ఉంటాను. కింద రెండంతస్తుల్లోనూ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు. మా ప్రాణానికి ఉన్న ఒకే ఒక్క ముప్పు మా బిల్డింగు లిఫ్టు.

అమ్మకు ఎన్నోసార్లు విడమరిచి చెప్పాను. గనిలో కొలతలు తీసేది వేరేవాళ్లు, ఆ అంకెలు నా దగ్గరికి వస్తాయి, నేను లెక్క కట్టి పటం గీస్తాను, అంతేనని. ఆమె విన్నదంతా విని, ప్రార్థన ఎక్కువైతే నష్టమేముందని అడిగింది. కానీ ప్రతి ఆదివారం అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నాకు సిగ్గేసేది. ఆ గనిలో ఏ మలుపు ఎక్కడుందో, ఏ మూల ఎంత పల్లముందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. చూడ్డం మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆడవాళ్లు పగటి షిఫ్టులో గనిలోకి దిగవచ్చని రూలు మారి కొన్నేళ్లయినా, మా ఆఫీసులో ఆ సంగతి నేను గుర్తు చేస్తే తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు.

గుర్తు చేయడంలో నేను మొహమాటపడే రకం కాదు. నా కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసంతా ఎరుగుదురు. చివరికి మా సార్ అచ్యుతరావుగారు ఒక మాట ఇచ్చారు. గోదావరి వైపు ఉన్న ఆ గనిలో తూర్పు నుంచి ఒకటి, పడమర నుంచి ఒకటి, రెండు సొరంగాలు ఎదురెదురుగా తవ్వుకుంటూ వస్తున్నారు. రెండేళ్ల పని. మధ్యలో బొగ్గు గోడ అడ్డం, అటునుంచి ఇటు చూసే దారి లేదు. మా అంకెలను నమ్ముకునే తవ్వుతారు. ఆ రెండు సొరంగాలూ ఐదు సెంటీమీటర్ల తేడా లోపు కలిస్తే, తర్వాతి సర్వేకు నన్ను దింపుతానన్నారు. ఆ రోజు ఇంటికి పోతూ నేను సంతోషంలో మెట్రోలో పంజగుట్ట దాటి, దిగవలసిన స్టేషన్ కూడా దాటి, లకడీకాపూల్ దాకా పోయాను.

గనిలో దిగి కొలిచేది విజయేందర్. మా దగ్గర చేరకముందు ఫ్లైఓవర్ల దగ్గర సర్వే చేసేవాడు. అక్కడే వచ్చింది మాకు తకరారు. రోడ్డు మీద కొలిచేవాళ్లు గుర్తును నేలలో పెట్టి, దాని పైన కొలిచే యంత్రం నిలబెడతారు. యంత్రం గుర్తుకు పైన ఉంటుంది కనుక ఆ ఎత్తు ప్లస్. గనిలో నేల మీద గుర్తు పెడితే బొగ్గు బండ్లు తొక్కి మాయం చేస్తాయి. అందుకని పైకప్పులో మేకు దిగగొట్టి, దానికి దారం వేలాడదీసి, ఆ దారం కింద యంత్రం పెడతారు. గుర్తు పైన, యంత్రం కింద. కాబట్టి ఎత్తు మైనస్. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి. విజయేందర్‌కు ఒంటబట్టడానికి ఆరు నెలలు పట్టింది. రోజూ ఎక్కడో ఒకచోట మైనస్ మరిచేవాడు, నేను ఫోన్ చేసి చీవాట్లు పెట్టేదాన్ని. తర్వాత నాకే విసుగొచ్చి, ఆ తప్పులేవో ఇక్కడే దిద్దుకోవడం మొదలుపెట్టాను.

ఆఫీసులో నేను కోప్పడలేని మనిషి ఒక్కడే, సాయిలు కాక. ముప్పై ఐదేళ్లు గనుల్లో సర్వే చేసి రిటైరయ్యాక మా దగ్గర లెక్కలు సరిచూడ్డానికి చేరాడు. కోణాలూ దూరాలూ తనే కొలిచి తనే దాచుకునే యంత్రం వచ్చినా, చేత్తో రాసిన ఫీల్డ్ బుక్ ఉండాల్సిందేనని ఆయన పట్టు. విజయేందర్ బుద్ధిగా రాసి తెచ్చేవాడు. నేను దాన్ని తెరిచేదాన్నే కాదు, అంకెలన్నీ కంప్యూటర్లో ఉండగా ఆ మసిబారిన పుస్తకం ఎందుకని ఎగతాళి చేసేదాన్ని. కాకకు ఇంకో అలవాటు కూడా ఉంది. గనిలో ఫ్యాన్ల హోరుకు మూడు అంటే ఏడని వినిపిస్తుందట. అందుకే కొలిచేవాడు చెప్పిన అంకెను రాసేవాడు తిరిగి చెప్పాలి, అది సరే అన్నాకే కాగితం మీద పెట్టాలి. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, కింద హోటల్లో రెండు చాయ్‌లు చెప్పినా, సర్వర్ తిరిగి రెండు అనేదాకా కదలనిచ్చేవాడు కాదు.

ఆ సోమవారం విజయేందర్ తెల్లవారుజాము బస్సెక్కి, చివరి కొలతలతో పదింటికల్లా అమీర్‌పేట వచ్చాడు. రెండు సొరంగాల మధ్య ఇంక ఇరవై రెండు మీటర్ల గోడే మిగిలింది. నేను అంకెలు ఎక్కించి లెక్క నడిపాను. అడ్డంగా తేడా నాలుగు సెంటీమీటర్లు. నిలువుగా తేడా రెండు మీటర్ల తొంభై.

మరోసారి నడిపాను. రెండు మీటర్ల తొంభై. అంటే పడమటి సొరంగం తూర్పుదానికంటే ఒక మనిషి ఎత్తుకు పైన ఉంది, ఒకదాని నేల ఇంకోదాని కప్పును తాకుతుంది. అచ్యుతరావుగారి ముఖం పాలిపోయింది. రెండో షిఫ్టు దిగేలోపు గనికి ఫోన్ చేసి, పడమటి సొరంగాన్ని కిందికి వాలుగా తవ్వమని చెప్పాలన్నారు. నా కళ్ల ముందు గని మాయమై, మళ్లీ ఏసీ, శాలువా మిగిలాయి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు విజయేందర్ మీద పడ్డాను. రోడ్డు కొలిచినట్టు గని కొలిస్తే ఇట్లాగే ఉంటుందని, టేపు పట్టడం రానివాళ్లను దింపి నన్ను ఇక్కడ కూర్చోబెట్టారని, సార్ ముందే అన్నాను. అతను తెల్లవారుజాము ప్రయాణంతో ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుని, తను మూడుసార్లు కొలిచానని మాత్రం చెప్పి, కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

సాయిలు కాక తేడా ఎంతని అడిగాడు. చెప్పాను. ఆయన తిరిగి చెప్పి, నా చేత సరే అనిపించుకుని, ప్యాడ్ మీద ఏదో అంకె వేసి బోర్లించాడు. ఆ తర్వాత కంప్యూటర్లోని కొలతలన్నీ ప్రింటు తీయించి తన ముందు పెట్టుకుని, ఫీల్డ్ బుక్ నా చేతిలో పెట్టాడు.

"నువ్వు బుక్కు సదువు, నేను కాయితం జూసి తిరిగి చెప్త," అన్నాడు.

గడియారం పన్నెండు దాటింది. తన గదిలో సార్ ఫోన్ పట్టుకుని గని మేనేజరు కోసం ప్రయత్నిస్తున్నారు. ఇట్లాంటప్పుడు పాఠం అప్పజెప్పడమేమిటని నాకు ఒళ్లు మండింది, అయినా చదివాను. మైనస్ సున్నా ఆరు రెండు అంటే ఆయన మైనస్ సున్నా ఆరు రెండు అన్నాడు. పేజీలు తిరుగుతున్నాయి, మసి నా వేళ్లకు అంటుతోంది. ఆఖరి పేజీలో ఆఖరి వరుసకు వచ్చాం.

"ప్లస్ ఒకటి నాలుగు ఐదు," అని చదివాను.

"మైనస్ ఒకటి నాలుగు ఐదు," అన్నాడు కాక. కాగితం మీద వేలు పెట్టి, "ఇంకోసారి సదువు బిడ్డ," అన్నాడు.

చదవలేదు. చూశాను. ఆ అంకె పక్కన విజయేందర్ చిన్న అక్షరాలతో రాసి ఉంది: ఇక్కడ పైకప్పు పెళుసుగా ఉంది, మేకు నిలవలేదు, గుర్తు నేల మీద పెట్టాను.

కాక ప్యాడ్ తిప్పాడు. ఆయన వేసిన అంకె ఒకటి పాయింట్ నలభై ఐదు. రెండు మీటర్ల తొంభైలో సగం. పైకి కలపవలసిన చోట కిందికి కలిపితే తప్పు రెండింతలు అవుతుంది, అది ఆయనకు నేను తేడా చెప్పిన క్షణంలోనే తెలిసిపోయింది. ఇక ప్లస్‌ను మైనస్ ఎవరు చేశారో చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. విజయేందర్ మైనస్ మరిచే రోజుల్లో విసుగుపడి, ప్లస్ అని వచ్చిన ప్రతి ఎత్తునూ మైనస్‌గా మార్చమని కంప్యూటర్‌కు చెప్పింది నేను. రెండున్నరేళ్ల కింద చెప్పి మరిచిపోయాను. అది మాత్రం మరవలేదు. నా గనిలో నేల మీద గుర్తనేదే ఉండదు మరి.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. విజయేందర్ కిటికీ దగ్గరే ఉన్నాడు, మా వైపు చూడటం లేదు. కంప్యూటర్లో ఆ మైనస్‌ను చప్పుడు చేయకుండా ప్లస్ చేసి, ఇదిగో దొరికింది అంటే ఎవరూ నన్ను ప్రశ్నించరు. గనిలో దిగడం నాకు ఖాయమవుతుంది. సాయిలు కాక కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. అప్పుడే గదిలోంచి సార్ గొంతు వినిపించింది. మేనేజరు లైన్లోకి వచ్చాడు.

లేచి పరుగెత్తాను.

"సార్, వాలు మార్చమని చెప్పకండి. విజయేందర్ కొలత సరిగ్గనే ఉన్నది. తప్పు నాది."

సార్ మేనేజరుకు మళ్లీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశారు. మొత్తం చెప్పాను, కంప్యూటర్లో నేను పెట్టిన ఏర్పాటుతో సహా. అది తీసేసి ఆయన ముందే లెక్క నడిపాను. నిలువు తేడా సెంటీమీటరు లోపుకు దిగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"గనిలో నేల మీద గుర్తు ఉండదని మీకెవరు చెప్పారు తబితా గారూ?"

"ఎవ్వరు చెప్పలే సార్. నేను ఎన్నడు చూడలే."

ఆయన మేనేజరుకు మళ్లీ ఫోన్ కలిపారు. ఇక నన్ను గనిలోకి దింపరనిపించింది. బయటికి వచ్చి విజయేందర్‌కు సారీ చెప్పాను. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, సాయిలు కాక పద్ధతిలో, తిరిగి చెప్పమన్నాడు. చెప్పాను. "మూడేండ్లల్ల ఇదే ఫస్టు. జర రాసియ్యి, ఫ్రేము కట్టిస్త," అన్నాడు. అతని మంచితనానికి నాకు ఏడుపొచ్చింది. అది దాచుకోవడానికి, చేతిరాత మాత్రం దరిద్రంగా ఉందని తిట్టాను.

గోడ పడేది గురువారం. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. గనిలోకి సెల్‌ఫోన్ తీసుకుపోరు కనుక విజయేందర్ పైకొచ్చాకే కబురు తెలుస్తుంది. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఫోన్ మోగింది. సార్ స్పీకర్ పెట్టారు. ముందు అరచేయంత కంత పడిందట. అటువైపు దీపం కనిపించేలోపే గాలి వచ్చిందట, పేలుడు పొగంతా ఒక్క ఊపులో కొట్టుకుపోయిందట, యాభై మంది చప్పట్లు కొట్టారట. ఆ తర్వాత అతను అంకెలు చెప్పాడు. నిలువుగా మూడు, అడ్డంగా నాలుగు. సెంటీమీటర్లే. సాయిలు కాక తిరిగి చెప్పాడు, నిలువుగా మూడు, అడ్డంగా నాలుగు, సరే అనిపించుకుని కాగితం మీద పెట్టాడు. సార్ పంజగుట్ట నుంచి పెద్ద డబ్బాతో డబుల్ కా మీఠా తెప్పించారు. కింద కోచింగ్ పిల్లలకు కూడా పంచాం. దేనికని వాళ్లు అడగలేదు.

గిన్నె నాకుతుంటే సార్ వచ్చి, గమ్ బూట్లు కొనుక్కున్నారా అని అడిగారు. తప్పు చేసింది నేనే కదా సార్ అన్నాను.

"చూడని గనిని మీ చేత ఇంకెన్నాళ్లు లెక్కేయిస్తానమ్మా?" అన్నారు. వెనక నుంచి సాయిలు కాక, మంగళవారం మొదటి షిఫ్టుకు నా పేరు తనే రాయించానని చెప్పాడు.

అమీర్‌పేటలో దొరకని వస్తువు లేదంటారు, నా కాలికి సరిపడే గమ్ బూట్లు మాత్రం దొరకలేదు. మగవాళ్ల ఏడో నంబరు కొని, లోపల మూడు జతల సాక్సులు తొడుక్కున్నాను. ఇంట్లో చెబితే అమ్మ చేతిలో గరిటె కింద పడింది.

"నిజంగ దిగుతవా?" అంది. మూడేళ్లుగా నన్ను గనిలో ఉంచి ప్రార్థన చేయించిన మనిషి, ఇప్పుడు వద్దని నా చెయ్యి పట్టుకుంది. ఇన్ని ఆదివారాల ప్రార్థనలు వాడకుండా మిగిలి ఉన్నాయి కదా, అవన్నీ ఏం చేసుకోవాలని అడిగాను. ఆదివారం పాస్టరుగారు ఎప్పటిలాగే నా పేరు చదివారు. ఆ రోజు నేను తల దించుకోలేదు. అమ్మ మాత్రం ప్రార్థన ముగిశాక ఆయన దగ్గరికి పోయి, ఈ వారం జర ఎక్కువసేపు చేయమని అడిగింది.

మంగళవారం దిగాను. చీకటిని చూసి భయపడతానని విజయేందర్ ఎదురుచూశాడు. నాకు మాత్రం సంతోషంతో నవ్వు ఆగలేదు. ప్రతి మలుపూ నేను గీసిందే. ఎడమకు పల్లం వస్తుందని ముందే చెబితే, పక్కనున్న కార్మికుడు నేను ఇంతకుముందు ఎప్పుడు వచ్చానని అడిగాడు. పైకప్పు పెళుసుగా ఉన్న చోట దుంగలు ఆనించి ఉన్నాయి. వాటి కింద నేల మీద, ఎర్రరంగు చుట్టులో, ఆ మేకు. వంగి దాన్ని ముట్టుకున్నాను.

దాని పైన యంత్రాన్ని కొత్తగా నిలబెట్టాం, ఈసారి ఎత్తు కొలిచేది విజయేందర్, రాసేది నేను. అతను టేపు పట్టి, నా వైపు దీపం తిప్పి, కావాలనే మెల్లగా చెప్పాడు, "ప్లస్ ఒకటి మూడు ఎనిమిది."

"ప్లస్ ఒకటి మూడు ఎనిమిది," అన్నాను, ఫ్యాన్ల హోరు మీదుగా తూర్పు వైపు వాళ్లకు కూడా వినిపించేలా. సరే అన్నాడు. ప్లస్ గుర్తు కాస్త పెద్దదిగా వేసి రాసుకున్నాను.