కందకంలో మా అత్త

నేను గేరు మార్చినప్పుడల్లా కొండ కొన్నేళ్ళు వెనక్కి వెళుతుంది. బరువు గేరులో కొంచెం, తేలిక గేరులో ఎక్కువ. ఎత్తు పెరిగేకొద్దీ తేలిక గేరే వెయ్యాలి కనుక, శిఖరం దగ్గర బాగా పాత రోజులు ఉంటాయి.

సైకిలు నాది కాదు. మా ఇంటాయన పెద్దకర్మ అయిన మర్నాడు వసారాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. లావు టైర్లు, వంపు లేని హ్యాండిలు. వీధిలో ఎవరిని అడిగినా తమది కాదన్నారు. సైకిలు షాపు గఫూరు వచ్చి దాని చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది కొండలెక్కే సైకిలమ్మా. దీనికి స్టాండుండదు."

"స్టాండు లేకపోతే ఎలా నిలబెట్టడం?"

"నిలబెట్టుకోడానికి చేసింది కాదు గదా. ఎక్కు."

నాకు సైకిలు తొక్కడం రాదు. ఎక్కాక వస్తోంది. ఈ మధ్య తిరిగిన దారుల గురించి వరసగా చెబుతాను.

మొదటి దారి విశాఖపట్నం హార్బరు వెనక నుంచి, జీడిమామిడి తోటల మీదుగా పైకి వెళుతుంది. ఎర్రమట్టి, పైన గులకరాళ్ళు. వెనక చక్రం జారకుండా ఒంటిని ముందుకు వంచాలి. చీర కుచ్చిళ్ళు బిగించి దోపుకుంటే గొలుసులో పడవు. మలుపు తిరగ్గానే పాకిస్తాన్ యుద్ధం జరుగుతోంది. ఆగి ఉన్న లారీ దీపాలకి పై సగం నల్లరంగు పూసి ఉంది. ఒక ఇంటి ముందు కొత్తకోడలు మైదాపిండి జిగురుతో కిటికీకి నల్లకాగితం అంటిస్తోంది. ఆ పిల్ల నేనే.

"ఎండ ఇంత ఉండగా కాగితం ఎందుకే?" అని అడుగుతాను.

"సీకటి పడ్డాక అంటిద్దామంటే దీపం ఎలిగించకూడదంట. సీకట్లో కిటికీ ఎక్కడుందో ఎలా తెలస్తాది?"

సరిగ్గానే చెప్పింది. మీ ఇంటాయన ఏడీ అని అడుగుతాను. "డ్యూటీకెల్నారు," అని తల దించుకుంటుంది. పేరు చెప్పదు.

నేనూ ఇప్పటిదాకా చెప్పలేదు. పేరు పలికితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని మా అమ్మ చెప్పింది. జనాభా లెక్కలవాళ్ళు వస్తే పక్కింటామె చేత చెప్పించేదాన్ని. ఆయన పోయాక మహిళా సంఘం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అందరూ ముందు సొంత పేరు రాశారు. నేను ఆయన పేరు రాశాను. రాయడానికి నోరు అక్కర్లేదు.

నేను ఎందుకు తొక్కుతున్నానో కూడా చెప్పాలి. ఆయన పసివాడుగా ఉన్నప్పుడు, రెండో ప్రపంచయుద్ధంలో, జపాను విమానాలు హార్బరు మీద బాంబులు వేశాయి. ఆ పూట వాళ్ళమ్మ పిల్లవాణ్ణి పక్కింట్లో ఒప్పజెప్పి కట్టెలకని కొండకి వెళ్ళింది. తిరిగి రాలేదు. బాంబుల నుంచి దాక్కోడానికి కొండమీద తవ్విన కందకంలో దూరిందన్నారు కొందరు. ఊరొదిలి పోయే జనంలో కలిసిపోయిందన్నారు కొందరు. ఆయన చివరి రోజుల్లో కొండవైపు తిరిగి పడుకునేవారు. "మా యమ్మని ఎవులూ పిలవలేదే," అన్నారు. అదే ఆయన ఆఖరి మాట.

నేను ఆవిడని పిలవాలి.

రెండో దారిలో ఇంకా తేలిక గేరు వేస్తాను. పట్నం ఖాళీ అవుతోంది. ఎడ్లబళ్ళ మీద ట్రంకుపెట్టెలు, పందిరిమంచాలు, కుట్టుమిషన్లు విజయనగరం వైపు పోతున్నాయి. మనుషులు వెళ్ళిపోయాక ఇళ్ళకి భయం వేస్తుంది. అవి తలుపులు మూసుకుని, తాళాలు గట్టిగా కరిచిపట్టుకుని, నా పక్కనుంచే కొండ ఎక్కుతాయి. ఒక రెండంతస్తుల మేడకి ఆయాసం వస్తోంది. బ్రేకు పట్టి దారి ఇస్తాను. సముద్రం ఒడ్డున ఉండాల్సిన సిమెంటు బురుజు మాత్రం తుపాకి కంతలోంచి చూసుకుంటూ ఎదురు దిగి వస్తోంది. దాని పని కింద ఉంది.

ఆ ఇళ్ళ వెనకాలే వెళితే కందకాలు కనిపిస్తాయి. అన్నీ ఖాళీ. ఒక్కదాని దగ్గర ఇనప టోపీ పెట్టుకున్న వార్డెను పారతో మట్టి పోగు చేస్తున్నాడు. మెడలో ఈల వేలాడుతోంది.

"ఎక్కడికే ముసలమ్మా? ఇమానాల దాడి జరుగుతోంది."

"అది అయిపోయి చాలా కాలమైంది బాబూ."

"అయిపోయిందని నాకెవులూ సెప్పలేదు. సెప్పకుండా అయిపోతే అది అయిపోడం కాదు."

లోపలికి తొంగి చూస్తాను. ఇరవై ఏళ్ళు దాటని పిల్ల మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చెవుల్లో దూది. పక్కన కట్టెలమోపు. ఆ నుదురు ఆయనది. ఆ చెవులు ఆయనవి.

"ఈవిణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చాను."

"ఇంట్లో పిల్లల పేరు సెప్పి పిలవాల. అదీ రూలు."

"ఈవిడ పేరుతో పిలిస్తే?"

"సొంత పేరుకి ఎవులైనా పలికేస్తారు, శత్రువు పిల్చినా. పిల్లల పేరుకైతే తల్లే వస్తాది." పార మీద చెయ్యి ఆనించి నిలబడతాడు. "బేగి కానీ. పిలుపు రాని కందకాలు ఇయాల పూడ్చేస్తన్నాం. పూడ్చాక ఇక కొండే."

కందకంలో పిల్ల చెవిలో దూది తీస్తుంది.

"ఎవుల్దానివే ముసిల్దానా?"

"నీ కోడల్ని అత్తా."

ఆమె పకపకా నవ్వుతుంది. "నా గుంటడికి ఇంకా నడకే రాలేదు. పెళ్ళెప్పుడు సేసీసినారే?"

"నువ్వొస్తావని చూసి చూసి చేసేశారు."

"సేస్తే సేసినారు గానీ, నాకన్నా ముసిల్దాన్ని తెచ్చినారేటి!"

"అప్పుడు చిన్నదాన్నే అత్తా. నువ్వు ఆలస్యం చేశావు."

ఆమె నవ్వు ఆపి నన్ను కిందనుంచి పైదాకా చూస్తుంది. "సరే. గుంటడి పేరు సెప్పు. వచ్చేస్తాను."

నోరు తెరుస్తాను. నోట్లో పేరు లేదు. ఎప్పుడూ అక్కడ పెట్టలేదు కనుక లేదు. ఒక చేత్తో సైకిలు పట్టుకుని, గట్టు మీది మట్టిలో వేలితో రాస్తాను. గుడులూ కొమ్ములూ అన్నీ సరిచూసుకుంటాను.

"ఏటది? కోడి కెలికినట్టుంది."

"నీ కొడుకు పేరు."

"నా కొడుకు ఇలాగుండడు," అంటుంది.

వార్డెను వంగి చూస్తాడు. చదువుకున్నవాడే. పెదవులు కదలబోయి ఆగుతాయి.

"నాను సదివితే నాను పిలిచినట్టు. అప్పుడు నాతో రావాల. నాకు ఇల్లు లేదు." పారెత్తి మట్టి వెయ్యడం మొదలుపెడతాడు. అతనికి కోపమేమీ లేదు. మట్టి ఆమె పాదాల మీద పడుతుంది, తర్వాత మోకాళ్ళ మీద.

అప్పుడు కింద ఖాళీ పట్నంలో ఒక పసివాడి ఏడుపు వినిపిస్తుంది. ఆ ఏడుపు నాకు తెలుసు. నిద్రలో ఆయన గొంతు అచ్చం అలాగే వణికేది.

ఇక్కడ ఆయన బతికే ఉన్నారు. ఇంకా ఏ రోజూ ఖర్చు కాలేదు. నాతో కాపురం చేసిన ఏళ్ళన్నీ ఆ ఏడుపులోనే ఉన్నాయి.

"ఒక్కసారి పిలిస్తే ఆయుష్షు ఎంత తరుగుతుంది?" అని వార్డెనుని అడుగుతాను.

"అది నా శాఖ కాదు."

మట్టి ఆమె నడుము దాకా వచ్చింది. ఆమె నన్ను తొందరపెట్టదు. ఏడుపు వైపు చెవి పెట్టి, రవికె ముందు భాగం తడిసిపోతుంటే కట్టెలమోపుని దగ్గరికి లాక్కుంటుంది. "ఆకలేస్తన్నట్టుంది ఆడికి," అంటుంది, నాతో కాదు.

"అసిరినాయుడూ!"

అది నా గొంతే. కొండ మీది ఇళ్ళన్నీ తలుపులు తెరిచి చూస్తాయి.

మా కాపురం ఏళ్ళలోంచి ఒకటి లేచి వెళ్ళిపోతుంది. అది ఏదో చెప్పలేను, వెళ్ళిపోయింది కనుక. ఇంట్లో అటకమీద ఒక ఊరగాయ జాడీ ఉంది. ఏ వేసవిలో పెట్టానో, ఎవరితో కలిసి కాయ తరిగానో ఇక నాకు తెలియదు.

కింద ఏడుపు ఆగిపోతుంది.

వార్డెను పార దించుతాడు. నేను సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉంటాను. ఆయన్ని చంపేశాననుకుంటాను.

"ఆఁ..."

హార్బరు వైపు నుంచి వస్తుంది. పసివాడి గొంతు కాదు. బరువులు మోసి అలిసిపోయిన పెద్దమనిషి గొంతు. నేనెప్పుడూ పిలవలేదు కనుక ఆయన నాకు ఎప్పుడూ అలా పలకలేదు. పలికితే ఇలా ఉంటుందని నాకు తెలియదు. చాలా దగ్గరగా ఉంటుంది.

ఆ పలుకు ఆగదు. పడవలోకి వేసిన చెక్కపలకలాగ హార్బరు నుంచి కందకం గట్టు దాకా చాచుకుని నిలుస్తుంది. అత్త మట్టి దులుపుకుని లేస్తుంది. గట్టెక్కి, ఆ గొంతు మీద ఒక కాలు పెట్టి, ఊపి చూసి, బరువు ఆపుతుందని నిశ్చయించుకుంటుంది.

నా పక్కకి వచ్చినప్పుడు ఆగి నా చెంప నిమురుతుంది. నా తెల్లజుట్టు, నా బోసి నుదురు చూస్తుంది.

"సరిగ్గా తిండెట్టేవా ఆడికి?"

"పెట్టానత్తా."

"సేపలు ముల్లు తీసి ఎట్టాల ఆడికి."

"తీసే పెట్టాను."

తల ఊపి నడిచి వెళుతుంది. ఆమె అడుగు పడ్డచోటల్లా గొంతు చిన్నదవుతుంది. చెట్ల మీదుగా వెళ్ళేటప్పటికి కుర్రవాడిది, రైలుపట్టాలు దాటేటప్పటికి మాటలు రానివాడిది. నీటి అంచుకి చేరేసరికి ఒట్టి ఏడుపు, అలల్లోంచి వస్తోంది.

ఆమె అక్కడ కొంగు దోపుకుంటుంది. వంగి, రెండు చేతులూ సముద్రం కిందికి పోనిచ్చి, మెల్లిగా ఎత్తి చంకనేసుకుంటుంది.

హార్బరు అడుగున ఓడలు ఇసకలో పక్కకి ఒరుగుతాయి. సముద్రం ఆమె భుజం మీద తల పెట్టుకుని కాసేపు వెక్కుతుంది. ఆమె దాని వీపు మీద అరచేత్తో తడుతూ ఒడ్డు వెంట అటూ ఇటూ తిరుగుతోంది. వెక్కిళ్ళు తగ్గుతున్నాయి. సముద్రం నోరు ఆమె రవికెని వెతుక్కుంటోంది.