ఏ జంపఖానా మీద కూర్చోవాలి

"ఒక ఇంటి పిల్లలు ఒకే హౌస్‌లో ఉండాలమ్మా. మొదట్నించీ మా బడి పద్ధతి అది," అంది హెడ్ మేడం. "ఇద్దరి ఇంటిపేర్లు వేరు కదా, మేం కనుక్కోలేకపోయాం. పాపను నీలం హౌస్‌లో వేసేశాం. ఎల్లుండి ఆటల పోటీల్లోపు ఎర్ర హౌస్‌లోకి మార్చేస్తాం. అన్న పక్కనే ఉంటే దానికీ ధైర్యం."

మేడం మంచి మనిషే. ఏ పిల్లా ఒంటరిది కాకూడదని ఆ హౌసులు పెట్టిందే ఆవిడ. పోటీల రోజున ఒక్కో హౌస్‌కి ఒక్కో జంపఖానా పరుస్తారు. పిల్లల తల్లిదండ్రులు కూడా దానిమీదే కూర్చోవాలి. ఇల్లంతా ఒకచోట ఉండాలంటుంది మేడం.

మేడం ఎదురుగా నిలబడ్డ పాప తల్లి టైలరింగ్ షాపులో కాజాలు కుడుతుంది. గంటలో వస్తానని షాపు మాస్టర్ని బతిమాలుకుని వచ్చింది. వేళ్లకి సూది పొడుచుకున్న చోట్లన్నీ ఇప్పుడే మంట పుడుతున్నట్టున్నాయి.

"పాపను కాకుండా..." అని ఆగిపోయింది. పాపను కాకుండా మరెవర్ని?

రెండో పెళ్లి చేసుకుని కూతురితో ఈ ఇంటికి వచ్చాక, కొత్త బళ్లో పాప చాన్నాళ్లు నోరు విప్పలేదు. చెవులు వినబడవేమో చూపించమన్నారు టీచరు. అలాంటిదాన్ని నీలం హౌస్ లీడరు, ఐదో తరగతి జడల పిల్ల, మంచినీళ్ల జగ్గు మోసే పనిలో పెట్టింది. ప్రార్థనప్పుడు "నీలం!" అని అరవమంది. ఆ సాయంత్రం పాప ఇల్లంతా తిరుగుతూ అదే అరుపు. పిల్లవాడు దిండు చెవులకి అదుముకుని "దీనికి నోరు లేనప్పుడే నయం" అన్నాడు. ఆమె మాత్రం వంటింట్లోకి వెళ్లి ఏడ్చుకుంది.

పిల్లవాడు భర్త మొదటి భార్య కొడుకు. నాలుగో తరగతి. వాడిది ఎర్ర హౌస్. ఆ హౌస్ జెండా వాళ్లమ్మ కుట్టింది. వాణ్ణి బళ్లో వేసిన ఏడాది కుట్టి, ఆ మరుసటి ఏడాది పోయింది. అంచు కుట్టు కాస్త వంకర. కుట్టుపని మనిషికి అది కంట్లో పడకుండా ఉండదు. అయినా ఆమె ఆ మాట ఎక్కడా అనలేదు.

పాపను మారుస్తారన్న సంగతి నిన్ననే బళ్లో పిల్లలకి చెప్పారు. రాత్రి అన్నాల దగ్గర వాడు కంచం తోసేశాడు. "నా గదిలోకి వచ్చింది. నా అల్మరాలోకి వచ్చింది. ఇప్పుడు నా హౌస్‌లోకి కూడానా?"

"నీ బోడి హౌస్‌లోకి ఎవరొస్తారు! నాకు నీలమే కావాలి," అంది పాప.

"మా అమ్మ జెండా కింద ఇది నిలబడకూడదు. చెప్పు పిన్నీ!"

పిన్ని. ఈ మధ్యే మొదలైంది ఆ పిలుపు. తెగిన బ్యాగు పట్టీ ఆమె కుట్టి ఇచ్చిన రోజు నుంచి. అంతకుముందు వాడు ఆమెను ఏమనీ పిలిచేవాడు కాదు, ఎదురుగా వచ్చి నిలబడేవాడు, అంతే.

బస్సు డ్రైవరైన భర్త మజ్జిగ తాగుతూ "ఎరుపైతేనేం, నీలమైతేనేం, నాలుగుసార్లు ఉతికితే అన్నీ ఒకటే రంగు," అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు.

"ఇద్దర్నీ ఎక్కడివాళ్లనక్కడే ఉంచడం కుదరదా మేడం?" అని ఇప్పుడు అడిగింది ఆమె.

"తోబుట్టువుల్ని విడదీస్తామా? ఒక కప్పు కింద ఉన్నా చుట్టాల పిల్లలో, అద్దెకున్నవాళ్ల పిల్లలో అయితే పేచీ లేదు."

ఆమెకు మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. "వాళ్లు తోబుట్టువులు కారు మేడం. వాడు నా కొడుకు కాదు. ఆయన మొదటి భార్య కొడుకు. నా కూతురికీ వాడికీ రక్తసంబంధం ఏమీ లేదు. ఏదో ఒకింట్లో ఉంటున్నారు, అంతే." ఆగవలసిన చోట ఆగలేకపోయింది. "అద్దెకున్నవాళ్లే అనుకోండి."

మేడం ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది. పిల్లవాడు నిలబడి ఉన్నాడు. చేతులకి సున్నం. మైదానంలో గీతలు గీయిస్తున్నారు.

"ఆటల గది తాళం కావాలి మేడం."

మేడం ఇచ్చింది. వాడు పుచ్చుకున్నాడు. వెళ్లబోతూ ఆమె వైపు తిరిగి, బళ్లో పెద్దవాళ్లకి పెట్టమని నేర్పినట్టే చేతులు జోడించాడు.

"నమస్తే ఆంటీ."

పాపను నీలంలోనే ఉంచుతామన్నారు. ఆ సాయంత్రం అది జగ్గు పట్టుకుని గంతులేస్తోంది. పిల్లవాడు అల్మరాలో తన బట్టలన్నీ తీసి మడిచి, బ్యాగులో పెట్టుకుని, పరుపు గోడవారకి జరుపుకున్నాడు.

"ఇదేంట్రా?"

"ఏం లేదు ఆంటీ."

"ఆంటీ ఏంట్రా కొత్తగా, బస్సులో పక్క సీటామెను పిలిచినట్టు?" అని భర్త నవ్వాడు.

అతను స్నానానికి వెళ్లాక వాడి దగ్గర కూర్చుంది. "నీ జెండా నీకుండాలనే అలా అన్నానురా."

"తెలుసు ఆంటీ."

అరిచినా బాగుండేది. నిన్నటిదాకా అరిచేవాడుగా.

పోటీల రోజు భర్తకి సెలవు దొరకలేదు. ఆమె పాపతోపాటు నీలం జంపఖానా మీద కూర్చుంది. ఎదురుగా, మైదానానికి అవతల, ఎర్ర జంపఖానా. తల్లులు పిల్లల మొహాలు తుడుస్తున్నారు, సీసాల మూతలు తీసి ఇస్తున్నారు. వీడు ఓ మూల కూర్చుని బూటు లేసు కట్టుకున్నాడు. విప్పాడు. మళ్లీ కట్టుకున్నాడు. పక్కన ఖాళీ.

పాపను పరుగు పందేనికి పిలిచారు. అది వెళ్లగానే ఆమె లేచింది. సున్నం గీతలు దాటుకుంటూ అవతలికి నడిచింది.

"ఆంటీ, మీరు నీలం కదా?" ఎర్ర హౌస్ లీడరు, ఓ బొద్దబ్బాయి, అడ్డొచ్చాడు. "వేరే హౌస్ వాళ్లు కూర్చుంటే మాకు పాయింట్లు పోతాయి."

"వీడి కోసం వచ్చాను."

"వీడికి మీరేమవుతారు?"

ఆమె వాడి వైపు చూసింది. వాడు తలెత్తలేదు. లేసు ముడి బిగిస్తున్నాడు.

"వాణ్ణే అడుగు," అని కూర్చుంది. వాడు చెప్పలేదు. అలా అని జరగనూ లేదు.

ఈల వినబడింది. పాప అందరికంటే వెనక వచ్చింది. రొప్పుతూ నీలం జంపఖానా వైపు పరిగెత్తి, మధ్యలో ఆగిపోయింది. అమ్మ లేదు. అటు తిరిగింది, ఇటు తిరిగింది. నోరు తెరిచింది గానీ గొంతు రాలేదు. మాట పడిపోయిన ఆ రోజుల్లో ఉండే మొహమే మళ్లీ. తర్వాతి పందెం పిల్లలు గీత మీద నిలబడ్డారు. ఆమె లేచి పిలిచింది. మైకు హోరులో ఆ పిలుపు కలిసిపోయింది.

"ఏయ్! మీ అమ్మ ఇక్కడుంది!" పిల్లవాడు కూర్చునే అరిచాడు.

పాపకి వినబడలేదు. వాడు లేచి, జంపఖానా చివరికంటా వెళ్లి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గొంతు చించుకున్నాడు.

"పిన్ని ఇక్కడుందే! ఇటు రా!"

పాప పరిగెత్తుకొచ్చింది. జంపఖానా అంచు దగ్గర ఠక్కున ఆగింది. "నేను ఎర్రదాంట్లోకి రాను," అని ఏడుస్తోంది.

"రావద్దులే. అక్కడే నిలబడు. నీళ్లు తాగు ముందు." సీసా అందించాడు. ఆమె వైపు మాత్రం చూడలేదు. వచ్చి మళ్లీ అదే మూల, వీపు తిప్పి కూర్చున్నాడు. వెనక జెండా గాలికి కొట్టుకుంటోంది.

లీడరు వెళ్లి చెప్పినట్టున్నాడు. హెడ్ మేడం మైకు వదిలి ఇటే వస్తోంది. ఈసారి అడిగితే ఆమె నిజమే చెబుతుంది, ఇద్దరూ నా పిల్లలే అంటుంది. అన్నాక ఈ ఇద్దరిలో ఎవరికి ఏ రంగు పోతుందో ఆలోచించలేక, పాప చెయ్యి ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి వాడి చొక్కా వెనక అంచు మీద వేసి ఉంచింది.