బీరువా మీది ట్రంకుపెట్టె

ఆ వీధి మలుపులో సైకిళ్లు బాగుచేసే దుకాణం ఒకటుంది. ముందు గదిలో పని, వెనక గదిలో సంసారం. మధ్యాహ్నం పనులు తెమలగానే మేస్త్రి భార్య పలక సంచీ భుజాన వేసుకుని బయలుదేరేది.

"వెళుతోంది మా బడిపిల్ల! దారిలో ఏడవకుండా చాక్లెట్టు కొనిపెట్టు నాయనా" అని అత్తగారు కొడుకుతో అనేది. దుకాణం ముందు నిలబడ్డవాళ్లు పకపకా నవ్వేవారు. కోడలు కూడా నవ్వేసి వెళ్లిపోయేది.

పాఠకులారా, ఆమెకు ఆ నవ్వు ఎంత బరువో ఆ నవ్వేవాళ్లకు తెలియదు. తమ్ముళ్లను ఎత్తుకునే మనిషి కావాలని చిన్నప్పుడే ఆమెను బడి మాన్పించారు. పెళ్లయిన ఇన్నాళ్లకు, పెద్దవాళ్లకోసం పేటలో బడి తెరిచారని వినగానే పరుగున వెళ్లి చేరింది. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడం పుణ్యం అంటాం. చదువు ఆకలిని చూసి మాత్రం వెక్కిరిస్తాం. ఇదెక్కడి న్యాయం?

ఒకరోజు పంతులమ్మ భూకంపాల పాఠం చెప్పింది. నేల అడుగున పెద్ద పెద్ద రాతి పలకలున్నాయనీ, అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉండి చటుక్కున జారితే భూమి కంపిస్తుందనీ, ఒకసారి ఆగాక మళ్లీ ఊగవచ్చనీ చెప్పింది. కోడలు ఇంటికొచ్చి బీరువా వంక చూసింది. దాని నెత్తిన అత్తగారి ట్రంకుపెట్టె, పెట్టె నిండా ఇత్తడి సామాను. ఆ పక్కనే అత్తగారి మంచం.

"అత్తయ్యా, ఆ పెట్టె కిందికి దించేద్దాం. బీరువాని గోడకి బిగిద్దాం. భూమి కదిలితే మీ మీదే పడుతుంది."

"నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ అది అక్కడే ఉంది. నీ పాఠానికి భయపడి దిగుతుందా?"

మేస్త్రి విసుక్కున్నాడు. "ఇవాళ బీరువా అంటున్నావు, రేపు ఇంటినే తాడేసి కట్టమంటావు. ఈ నెలాఖరుకి ఆ బడి మానెయ్."

ఆమె ముఖం చిన్నబోయింది. అయినా మిగిలిన ఆ కొద్ది రోజులూ మానలేదు. సరళ యంత్రాల పాఠం విన్న రోజున ఉండబట్టలేక, "ఏవండీ, మీరు టైరు ఊడదీసే ఇనుప పట్టీ కూడా యంత్రమేనట. దాన్ని మీట అంటారట" అంది.

"అయితే నేను ఇంజనీర్నన్నమాట!" అని అతను నవ్వి ఊరుకున్నాడు.

నెలాఖరు రాకముందే ఒక పట్టపగలు గోడలు ఊగాయి. గిన్నెలు గలగలా దొర్లాయి. "అత్తయ్యా, బల్ల కిందికి రండి!" అని కోడలు అరిచింది. అత్తగారు మాత్రం పెట్టె పడిపోతుందేమోనని దాన్ని పట్టుకోవడానికి బీరువా దగ్గరికే పరుగెత్తింది. కోడలు కొంగు పట్టి లాగింది కాబట్టి ప్రాణం దక్కింది. పెట్టె పక్కన పడింది. బీరువా మాత్రం అత్తగారి కాలి మీద పడింది.

ఊగడం ఆగగానే మేస్త్రి, పక్కింటి వడ్రంగి పరుగున వచ్చి చేతులతో ఎత్తబోయారు. ఇరుకు గదిలో మూడో మనిషి చెయ్యి వెయ్యడానికి చోటు లేదు. బీరువా కాస్త లేచి మళ్లీ కూలబడింది. ముసలామె కెవ్వుమంది.

"ఆగండి! అలా ఎత్తకండి!" అంటూ కోడలు దుకాణంలోంచి పొడుగాటి ఇనుప గొట్టం, ఒక ఇటుక తెచ్చింది. గొట్టం కొన బీరువా కిందికి దూర్చి, ఇటుక మీద ఆనించి అదిమింది. బీరువా కదల్లేదు.

"నీ చదువుకి బీరువా లేస్తుందటే?" మేస్త్రి గొంతు ఏడుపులా ఉంది.

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుని మీట పాఠం గుర్తుచేసుకుంది. ఆధారం బరువుకు దగ్గరగా ఉండాలి, చేతికి దూరంగా ఉండాలి. ఇటుకను బీరువా అంచు దగ్గరికి జరిపి, గొట్టం చివర తన బరువంతా వేసింది. బీరువా లేచింది!

"లాగండి! ఇక్కడ ఉండకండి, బయటికి పదండి. మళ్లీ ఊగుతుంది!"

అందరూ బయటపడ్డ కాసేపటికే నేల మళ్లీ ఊగింది. ఇందాక ముసలామె పడి ఉన్నచోట గోడ పెచ్చు విరిగిపడింది. మేస్త్రి గబుక్కున భార్య చెయ్యి పట్టుకున్నాడు.

కాలికి కట్టుతో అత్తగారు ఆసుపత్రి నుంచి ఇల్లు చేరింది. కొడుకు పెట్టెను నేలమీద ఉంచాడు, బీరువాను గోడకు బిగించాడు. మళ్లీ బడి తెరిచిన రోజున కోడలు మంచం పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

"బడి వేళయింది, కదలవేమే?"

"మానెయ్యమన్నారుగా అత్తయ్యా."

"ఎవడన్నాడు?" అంది అత్తగారు. అన్నవాడు తల వంచుకుని, భార్యను దిగబెట్టడానికి సైకిలుకు గాలి కొడుతున్నాడు. ముసలామె కోడలి రెండు చేతులూ కళ్లకద్దుకుంది. "నీ రుణం తీర్చుకోలేను తల్లీ. నిన్ను చూసి నవ్విన నోరు నాదే. ఇంట్లో ఒక్కరు నేర్చుకుంటే ఇంటిల్లిపాదీ బతుకుతారని నాకు కాలు విరిగితే గానీ తెలియలేదు. ఇంకే ఇంట్లోనూ ఏ అత్తా నాలా నవ్వకూడదు. వెళ్లిరా. అన్నట్టు, మీ పంతులమ్మను అడుగు, నా అంత వయసువాళ్లని కూడా చేర్చుకుంటారేమో."