గుడ్డ మీద లేని మచ్చలు

సిరిసిల్లలో వెంకటేశం కార్ఖానాలో నేను గుడ్డ చూసేవాణ్ని. నా పేరు రాజలింగం. అక్కడ ఇరవై నాలుగు సాంచెలు ఉండేవి. మరమగ్గాలను మా ఊళ్లో సాంచెలంటాం. వాటి మీద నేసిన ప్రతి తానూ బజారుకు పోయేముందు నా బల్ల మీదికి రావాలి. తలుపు పక్కన వెలుతురులో బల్ల, దాని మీద తెల్లగుడ్డ, నా చేతిలో సూది, ఎర్రదారం. ఎక్కడ పోగు తెగినా, నూనె మచ్చ పడినా, ఆ తప్పుకు ఎదురుగా గుడ్డ అంచుకు ఒక దారం ముక్క కుట్టి ముడేస్తాను. తానుకు ఆరు ముడులు దాటితే ఫెయిలు, దానికి కూలి ఉండదు. నేసినవాడు ఎంత మొత్తుకున్నా ఫెయిలే.

పద్దెనిమిదేళ్లు అలా చూశాను. నా ముడి తప్పని ఒక్కరూ రుజువు చేసింది లేదు. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. మనిషన్నాక దేన్నో ఒకదాన్ని చూసుకుని మురవాలి కదా. నేను నా కళ్లను చూసుకుని మురిసేవాణ్ని.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో ఆ కళ్లలో చుక్కలు మొదలయ్యాయి.

టీవీలో బొమ్మ రానప్పుడు తెరంతా సన్నటి చుక్కలు కదులుతాయే, అలాంటివి. గోడ మీద ఉన్నాయి, ఆకాశం మీద ఉన్నాయి, కంచంలో అన్నం మీద ఉన్నాయి. కళ్లు మూసుకున్నా ఉన్నాయి. ట్యూబులైటు చూసి తల తిప్పితే ఆ లైటు చాలాసేపు ఎదుటివాళ్ల ముఖాల మీద అతుక్కునే ఉండేది. ఎండలోకి వస్తే కళ్లలో కారం పడ్డట్టు మంట. నల్లద్దాలు పెట్టుకున్నాను. ఆ రోజుల్లో నల్లద్దాల మనిషిని చూస్తే అటు పోలీసులకూ అనుమానమే, ఇటు అన్నలకూ అనుమానమే. అయినా పెట్టుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. గుడ్డ చూసేవాడు కళ్లు బాగాలేవని ఎవరితో చెప్పుకుంటాడు? పని అయిపోగానే ఇంటికొచ్చి కిటికీ మూసి చీకట్లో కూర్చునేవాణ్ని. వాడకట్టు వాళ్లు మొదట్లో పలకరించారు. తర్వాత మానేశారు. నాకూ అదే హాయిగా ఉందని నన్ను నేను నమ్మించుకున్నాను.

సరిగ్గా ఆ నెలల్లోనే కార్ఖానాలో నేత చెడిపోయిందని నాకు తోచింది. గుడ్డ నిండా సన్నటి మచ్చలు. అందులోనూ దుర్గయ్య తానుల్లో ఎక్కువ. దుర్గయ్య అంటే మా పెదనాన్న కూతురు రాజమణక్క మొగుడు, నాకు బావ. ఊళ్లో అంతటి నేతగాడు లేడు కాబట్టే ఆసామి వెంకటేశం అన్నిటికంటే సన్నని, తెల్లని నూలు ఆయన సాంచెకే ఎక్కించేవాడు. ఈపాటికి మీకు సంగతి తెలిసిపోయే ఉంటుంది. నాకు తెలియడానికి ఏడు నెలలు పట్టింది. గోడ మీది చుక్కలు నా కళ్లవేనని తెలుసు. కానీ గుడ్డ మీద చుక్క కనబడితే అది గుడ్డదే అని పద్దెనిమిదేళ్లుగా నా చేతికి అలవాటు. కళ్లు చూసేలోపే చెయ్యి ముడేసేది.

ఒక్క నెలలో బావవి ఐదు తానులు ఫెయిలు చేశాను. ఐదోదాని మీద తొమ్మిది ముడులు. ఆయన బల్ల దగ్గరికొచ్చి గుడ్డను బొటనవేలితో రుద్ది చూశాడు. నన్ను చూశాడు. సాంచెల మోతలో మాట వినబడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాల్సిందే. అలాగే వంగి, ఇంకెవరికీ వినబడకుండా అడిగాడు.

"రాజలింగం, కండ్లు మంచిగున్నయా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఎగతాళి అనుకున్నాను. మోతను మించి అరిచాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఇరవై నాలుగు సాంచెలూ ఒక్కసారిగా ఆగాయి. నా అరుపు ఒక్కటే మిగిలింది.

"నా కండ్లు మంచిగనే ఉన్నయి. నీ చెయ్యే చెడ్డది. ముసలోనివైనవు, ఇంట్ల కూసోని కండెలు చుట్టుకో పో."

కండెలకు నూలు చుట్టడం మా దగ్గర ఆడవాళ్ల పని, చేతగాని వాళ్ల పని. సాంచె మీద ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషిని అందరి ముందూ ఆ మాట అన్నాను. ఆయన తానును మడత పెట్టి నా బల్ల మీద ఉంచి వెళ్లిపోయాడు.

రెండు రోజులకు కార్ఖానా గోడ మీద ఎర్ర అక్షరాల పోస్టరు పడింది. కార్మికుల పొట్ట కొడుతున్న రాజలింగం ఖబడ్దార్ అని. సంఘం వాళ్లు ఇద్దరు ఇంటికొచ్చి, గురువారం జనం ముందుకొచ్చి జవాబు చెప్పాలన్నారు. మూడు రోజులు అన్నం సహించలేదు. గురువారం పొద్దంతా ఎదురుచూస్తే ఎవరూ రాలేదు. పోస్టరు కూడా ఎవరో చింపేశారు. నా నిజాయితీ చూసి వెనక్కి తగ్గారనుకున్నాను. ఎంత పొగరు చూడండి నాకు!

ఆ తర్వాతి వారం దుర్గయ్య బావ సాంచె పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భివండి బస్సెక్కాడని తెలిసింది. ఆయన చివరి తానును, ఆ తొమ్మిది ముడులదాన్ని, ఆసామి నన్నే తీసుకుపొమ్మన్నాడు. దాన్ని ఎనిమిది మడతలు పెట్టి మా కిటికీకి కట్టాను. వెలుతురు రాకుండా బాగా పనికొచ్చింది.

చలికాలానికి మంట ఓర్చుకోలేక ఎవరికీ చెప్పకుండా జగిత్యాల పోయాను. అక్కడి కళ్ల డాక్టరు లైటు వేసి రెండు కళ్లూ చూసి, ఏ దోషమూ లేదన్నాడు. కోరుట్లలో రాజలక్ష్మి అని మనసు జబ్బుల డాక్టరమ్మ ఉందనీ, ఇలాంటివి ఆమె చూస్తుందనీ చీటీ రాసిచ్చాడు. నన్ను పిచ్చివాళ్ల లెక్కలో వేస్తున్నాడని తిట్టుకుంటూనే వెళ్లాను.

డాక్టరమ్మ గదిలో కిటికీ సగం తెరిచి ఉంది. నేను చెప్పిందంతా విని, ఇప్పుడు నా ముఖం మీద కూడా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. చీర మీద? ఉన్నాయన్నాను. ఆమె నవ్వలేదు. నా మాటను అలా ఉన్నదున్నట్టు తీసుకున్న మనిషి అంతవరకు ఎవరూ లేరు. నా కంట్లో నీళ్లు తిరిగాయి, దానికి వెలుతురును సాకుగా చెప్పాను. నా కళ్లు మంచివేననీ, లోపల మెదడు పట్టించుకోకుండా వదిలేయాల్సిన దాన్ని వదలడం లేదనీ ఆమె వివరించింది.

"మందు లేదు. పోతయని నేను చెప్పలేను. కని ఇప్పుడు పొద్దుందాక వాటితోనే కొట్లాడుతున్నవు గదా, ఆ కొట్లాట తగ్గుతది. గది నేర్పిస్త."

ఆమె నేర్పింది వినడానికి చాలా సులువు. పొద్దున, సాయంత్రం పది నిమిషాలు ఊరికే కూర్చోవాలి. శ్వాస మీద ధ్యాస పెట్టాలి. చుక్కలు కనబడితే వెంటపడకూడదు, తరమకూడదు. చుక్కలున్నాయి అని లోపల అనుకుని మళ్లీ శ్వాస దగ్గరికి రావాలి. ఎన్నిసార్లు పక్కకు పోతే అన్నిసార్లు రావాలి. చీకట్లో అసలు కూర్చోకూడదట. చీకటి అలవాటైనకొద్దీ వెలుతురు ఇంకా గుచ్చుతుందట. కిటికీకి కట్టిన గుడ్డ వారానికొక మడత తీసేయమంది. నల్లద్దాలు ఎండలో తప్ప వద్దంది.

దీనికోసమా బస్సు చార్జీ పెట్టుకుని వచ్చానని మొదటివారం విసుక్కున్నాను. శ్వాస నాకు కుదరలేదు. రెండోసారి పోయినప్పుడు ఆ మాటే చెప్తే, ఖాళీగా ఉన్నప్పుడు నీ చేతులు ఏం చేస్తాయని అడిగింది. గుడ్డను తడుముతాయన్నాను. అయితే గుడ్డే పట్టుకో, వేళ్ల కింద ఏం తెలుస్తుందో అక్కడికి తిరిగిరా అంది. అది కుదిరింది. కండువా కొసను వేళ్ల మధ్య పెట్టుకుని కూర్చునేవాణ్ని. చుక్కలు ఎటూ పోలేదు. కానీ వారాలు గడిచేకొద్దీ వాటి మీద కోపం కొంచెం కొంచెంగా సన్నగిల్లింది. కిటికీ మీద రెండు మడతలే మిగిలాయి.

మూడోసారి కోరుట్ల పోతుంటే కథలాపూర్ దాటాక పోలీసులు బస్సు ఆపారు. అందరినీ దింపారు. నల్లద్దాలు చూసి నన్ను పక్కకు లాగారు. ఒక అధికారి అద్దాలు తీసేసి, నన్ను సూర్యుడికి ఎదురుగా నిలబెట్టి, చేతిలో ఫోటో పట్టుకుని పోల్చి చూస్తున్నాడు. కళ్లు మూస్తే తెరవమని గద్దిస్తున్నాడు. అలా పక్కకు లాగాక తిరిగిరాని వాళ్ల పేర్లు నాకు తెలుసు. అప్పుడు కండువా కొసను వేళ్ల మధ్యకు తీసుకున్నాను. పోగులో చిన్న ముడి ఒకటి తగిలింది. చుక్కలున్నాయి అనుకున్నాను. మళ్లీ ఆ ముడి దగ్గరికి వచ్చాను. అధికారి ఖాకీ చొక్కా నిండా చుక్కలు. ఫోటో నిండా, బస్సు నిండా చుక్కలు. వేళ్ల కింద ముడి మాత్రం ఒక్కటే, ఒక్కచోటే. పావుగంట అలా నిలబడ్డాను. ఫోటోలో మనిషి నేను కాదని తేలి, అద్దాలు చేతిలో పెట్టి పొమ్మన్నారు.

బస్సెక్కి కూర్చుని అద్దాలు మళ్లీ పెట్టుకున్నాను. అప్పుడు ఆ ఆలోచన వచ్చింది. అతని చొక్కా మీద చుక్కలు చొక్కావి కావు కదా. మరి బావ గుడ్డ మీదివి?

కోరుట్లలో దిగి, డాక్టరమ్మను చూడకుండానే తిరుగు బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి ఇంకా పొద్దుంది. కిటికీ నుంచి తాను విప్పేశాను. ఇన్ని నెలల తర్వాత వెలుతురంతా ఒక్కసారి ఇంట్లోకి వచ్చింది. కళ్లు మూసుకుని ఈ కొసనుంచి ఆ కొసదాకా వేళ్లతో చూశాను. నా ఎర్రముడులు తొమ్మిది తగిలాయి. ఒక్కోదానికి ఎదురుగా గుడ్డను మళ్లీ మళ్లీ తడిమాను. తెగిన పోగు లేదు, నూనె జిడ్డు లేదు. అంత మంచి నేతను నేను పద్దెనిమిదేళ్లలో ఎక్కువసార్లు చూడలేదు. అంచు వెంట ఇంకొకటి కూడా తగిలింది. నా తొమ్మిది ముడులే కాక, వేరే చోట్ల సూది దిగిన సన్నటి రంధ్రాలు. వెలుతురులో పెట్టి చూస్తే వాటిలో ఎర్రటి నూగు మిగిలి ఉంది. ఎవరో ముడులు కట్టి విప్పారు. ఆ కార్ఖానాలో ఎర్రముడి కట్టేది నేనొక్కణ్నే.

ఆ తానును చంకలో పెట్టుకుని రాజమణక్క ఇంటికి పోయాను. ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. గుడ్డను ఎదురుగా పరిచి, నా కళ్ల సంగతి మొదటినుంచీ చెప్పాను. రాట్నం ఆపకుండానే విన్నది. రంధ్రాలు చూపిస్తే అప్పుడు ఆపింది.

"గవి నువ్వు మొదాలు కట్టిన ముడులు. ఆయనే విప్పిండు. విప్పి, అదే తాను మల్ల నీ బల్ల మీదేసిండు. నువ్వు వేరే కాడ కట్టినవు. గా దినం ఇంటికచ్చి గోడకు ఒరిగి కూసున్నడు. రాజలింగానికి కండ్లు పాడైతున్నయే, పాపం ఎవ్వరికి చెప్పుకుంటలేడు, అన్నడు."

ఆయన నా చెవిలో కండ్ల గురించి అడిగింది ఆ మరునాడేనట.

"సంఘపోల్లు అచ్చి అడిగితే, నేతల తప్పున్నది, రాజలింగం కట్టింది నిజమే అని చెప్పిండు. కండ్ల ముచ్చట చెప్తే ఆసామి నిన్ను ఎల్లగొడ్తడని చెప్పలే. నువ్వే చెప్తవని చూసిండు. తన నేతల తప్పున్నదని తన నోటితోని ఒప్పుకున్నంక, గీ ఊర్ల ఆయనకు సాంచె ఎవరిస్తరు తమ్మీ?"

ఉత్తరం రాస్తాను, అడ్రసు ఇవ్వమన్నాను. భివండిలో రూము మారాడట, రెండు నెలలుగా ఆమెకే జాబు లేదట. మళ్లీ రాట్నం మీద చెయ్యి వేసి అంది.

"అందరి ముందట, నలుగుట్ల అన్నవు. నలుగుట్లనే చెప్పు."

మరునాడు పొద్దున ఆసామిని బతిమాలి సాంచెలన్నీ ఆపించాను. నల్లద్దాలు తీసి, దుర్గయ్య బావ నిలబడే చోట నిలబడ్డాను. బావ తానుల్లో ఒక్క తప్పు కూడా లేదనీ, మచ్చలు నా కళ్లలో ఉన్నాయనీ, అది తెలిసి కూడా ఆయన నన్ను కాపాడాడనీ చెప్పాను. అందరూ ఎవరి సాంచె వైపు వాళ్లు తిరిగారు. తిట్టినా బాగుండేది. కాసేపటికి ఒక్కొక్క సాంచె మళ్లీ మొదలైంది. అది నాకు ఆ కార్ఖానాలో ఆఖరి రోజు.

ఇప్పుడు నేను కండెలు చుడుతున్నాను. ఆడవాళ్ల పని అని నేనే వెక్కిరించిన పని. అక్క ఇంటి అరుగు మీద ఒక మూల నాది. ఆమె నాతో పనికి కావలసినంతే మాట్లాడుతుంది. బావ దగ్గరినుంచి ఇంతవరకు ఉత్తరం లేదు.

మా కిటికీ తెరిచే ఉంటుంది. పొద్దున పది నిమిషాలు బావ తాను ఒడిలో పెట్టుకుని కూర్చుంటాను. చుక్కలున్నాయి అనుకుంటాను, వేళ్ల దగ్గరికి తిరిగి వస్తాను. వాటితో నాకు పోట్లాట లేదు. కానీ రోజూ ఒక వేళకు చెవి దగ్గర ఆయన ఊపిరి తగులుతుంది. కండ్లు మంచిగున్నయా అని అడుగుతాడు. అక్కణ్నుంచి మాత్రం తిరిగి రాలేకపోతున్నాను.

"మంచిగ లేవు బావా," అని పైకే చెప్తాను. ఇంట్లో ఎవరూ ఉండరు.