పీట బిల్లు

ఆ సభలో మొత్తం నూట పన్నెండు మంది. వాళ్ళలో ఆడవాళ్ళు ఇద్దరే. అంతకుముందు ఒక్కరైనా గెలిచి ఆ గడప దాటిన పాపాన పోలేదు. ఒకామె పదహారేళ్ళు బస్సులో టికెట్లు కొట్టి వచ్చింది. రెండో ఆమె ఇరవై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పి వచ్చింది. మొదటామెది అధికార పక్షం, రెండో ఆమెది ప్రతిపక్షం. పేర్లున్నా అందరూ కండక్టరమ్మ, టీచరమ్మ అనే పిలిచేవాళ్ళు. మొదట్లో వెటకారంగా పిలిచారు, తరవాత అదే అలవాటైపోయింది.

కాగితాల కట్టలు, కాళ్ళు విరిగిన కుర్చీలు పడేసే గది ఒకటి ఖాళీ చేసి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. రెండు బల్లలు ఎదురెదురుగా, మధ్యలో ఒక కిటికీ. ఆడ సభ్యులకు ప్రత్యేకంగా గది కేటాయించామని పత్రికల వాళ్ళని పిలిచి ఫోటో తీయించారు. మరుగుదొడ్డి సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. అవసరమైతే మెట్లు దిగి, ఆవరణ దాటి, ఎదుటి గ్రంథాలయానికి పోవాలి. పోయి రావడానికి ఎంత వడిగా నడిచినా ఎనిమిది నిమిషాలు. టీచరమ్మ పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉండటం అలవాటు చేసుకుంది. కండక్టరమ్మకి అది చేతకాలేదు. బస్సు దిగాకైనా దాహం తీర్చుకోకపోతే ఎలా అనేది.

ఆమె తెచ్చిన బిల్లు చిన్నది, రెండు పేజీలు. బట్టల దుకాణాల్లో నిలబడి పనిచేసే ప్రతి మనిషికీ కూర్చోవడానికి ఒక పీట వేయాలి, బేరం లేనప్పుడు కూర్చుంటే యజమాని ఏమీ అనకూడదు. అంతే. ఆమె చెల్లెలు పదకొండేళ్ళుగా అలాంటి దుకాణంలోనే పనిచేస్తోంది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు గోడకి ఎత్తి పెట్టుకుని పడుకుంటుంది. పిక్కల మీద నరాలు వానపాముల్లా లేచి ఉంటాయి.

బిల్లు సంగతి తెలియగానే సభలో నవ్వులు. "మేం ఆడవాళ్ళకి పెద్దపీటే వేస్తున్నాం కదమ్మా" అన్నాడు ఒక మంత్రి.

"చిన్నపీట చాలండి, కింద నాలుగు కాళ్ళుంటే" అంది కండక్టరమ్మ.

నవ్విన వాళ్ళు నవ్వారు కానీ, ఆ బిల్లుకి అడ్డంగా చెయ్యెత్తే ధైర్యం ఎవరికీ లేదు. దుకాణాల్లో నిలబడే ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు, వాళ్ళందరికీ ఓట్లున్నాయి. అలాగని పక్కన నిలబడే మనసూ లేదు. రెండు పార్టీల జెండాల గుడ్డా వచ్చేది ఆ దుకాణాల నుంచే మరి.

సభ్యులు సొంతంగా తెచ్చుకున్న బిల్లులు శుక్రవారం మధ్యాహ్నం మాత్రమే తీసుకుంటారు. అచ్చయిన జాబితాలో వరుస ఉంటుంది. అధ్యక్షుడు బిల్లు పేరు పిలిచినప్పుడు తెచ్చిన మనిషి లేచి ప్రవేశపెట్టాలి, ఇంకొకరు సమర్థించాలి. మనిషి లేకపోతే ఆ వారానికి ఆ బిల్లు పోయినట్టే.

మొదటి శుక్రవారం కండక్టరమ్మది ఏడోది. రెండోది నడుస్తుండగా గ్రంథాలయానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అధ్యక్షుడు "గౌరవ సభ్యురాలు సభలో లేనందున" అంటున్నాడు. ఏడోది మూడోదెలా అయింది? వరుస మారిందన్నారు. మారుతుందిలే, కొత్తదానివి, నేర్చుకుంటావన్నారు.

రెండో శుక్రవారం ఆరోది. ఈసారి మొదటిది మొదలవగానే వెళ్ళింది, దాదాపు పరుగెత్తింది. ఆవరణలో తిరిగొస్తుంటే తన బిల్లు పేరు లౌడు స్పీకరులో వినబడింది. మెట్లు ఎక్కి తలుపు తోసేసరికి తరవాతి బిల్లు పిలుస్తున్నారు.

ఒకసారైతే గ్రహపాటు అనుకోవచ్చు. రెండోసారి కూడా అదే జరిగితే ఎవరో కన్నేసి కూర్చున్నారన్న మాట. ఆ సాయంత్రం అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. డిపోలో మెకానిక్కుగా పనిచేసే భర్త చూసి, "బండి ఎక్కడ ఆగింది?" అన్నాడు.

"నేను లేచి వెళ్ళే సంగతి ఎవరికో ముందే తెలుస్తోంది. తెలిసినవాళ్ళు అధ్యక్షుడికి కబురు చేరవేస్తున్నారు."

"నీ పక్కన ఎవరుంటారు?"

అప్పటికే ఆమె కళ్ళ ముందు ఒక మొహం మెదిలింది. ఆమె లేచినప్పుడల్లా, సభలో నడవకి అవతలి వరుసలో టీచరమ్మ చిన్న నల్ల పుస్తకం తీసి ఏదో రాసుకుంటుంది. గడియారం వైపు చూసి మరీ రాసుకుంటుంది. గదిలో ఉన్నప్పుడు ఆ పుస్తకం మీద మోచెయ్యి పెట్టుకుని కూర్చుంటుంది. పదహారేళ్ళు బస్సు నడవలో నిలబడ్డ మనిషికి టికెట్ లేని వాడి మొహం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కిటికీలోంచి బయటికి చూస్తారు, పలకరిస్తే ముక్తసరిగా మాట్లాడతారు. టీచరమ్మ అచ్చం అలాగే ఉంది.

ఆ వారమంతా కండక్టరమ్మ గదిలో జాగ్రత్తగా మసిలింది. ఫోను వస్తే వరండాలోకి వెళ్ళి మాట్లాడింది. కాగితాలు సంచిలో పెట్టి సంచి ఒళ్ళో పెట్టుకుంది. టీచరమ్మ చూసింది, చూడనట్టు ఊరుకుంది. ఒకరోజు మాత్రం, "కిటికీ తెరవనా?" అని అడిగింది.

"ఎందుకండీ, మాటలు బయటికి పోవడానికా?" అంది కండక్టరమ్మ.

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కిటికీ తెరవకుండానే తన పనిలో పడింది. అది కండక్టరమ్మకి ఇంకా అనుమానం పెంచింది.

గురువారం మధ్యాహ్నం ఇక తట్టుకోలేక తలుపు మూసి, ఆ బల్ల ముందుకెళ్ళి నిలబడింది. "ఆ పుస్తకం ఒకసారి ఇవ్వండి."

"ఎందుకు ఇవ్వాలి?"

"నేను బయటికి వెళ్ళిన టైములు అందులో ఉన్నాయి కాబట్టి."

"ఉన్నాయి" అంది టీచరమ్మ తొణక్కుండా. "ముందు ఆ సంచిలో ఏం దాస్తున్నారో మీరు చెప్పండి. తరవాత ఇస్తాను."

కండక్టరమ్మ సంచి బల్ల మీద బోర్లించింది. బిల్లు ప్రతులు ఆరు, తాళంచెవులు, నీళ్ళ సీసా, చెల్లెలి ఆసుపత్రి చీటీ. టీచరమ్మ వాటన్నిటినీ పరీక్ష పేపరు దిద్దినట్టు చూసింది. తరవాత నల్ల పుస్తకం తెరిచి ముందుకి తోసింది.

పేజీ నిండా వరసలు గీసి ఉన్నాయి. తేదీ, టైము. "రెండూ నలభై ఒకటి: ఆమె లేచింది. రెండూ నలభై రెండు: అధ్యక్షుడి దగ్గరికి చీటీ వెళ్ళింది. రెండూ నలభై ఎనిమిది: ఆమె బిల్లు పిలిచారు." దాని కింద రెండో శుక్రవారం, మళ్ళీ అలాగే.

"మరి ఇదంతా ఎవరికి అందిస్తున్నారు?" అంది కండక్టరమ్మ.

"ఎవరికీ లేదు. నాకోసమే." టీచరమ్మ గొంతు తగ్గించింది. "పోయిన సమావేశాల్లో ఆడపిల్లల హాస్టళ్ళ బిల్లు తెచ్చాను, గుర్తుందా? నాదీ ఇలాగే పోయింది. ఆ రోజు ఒంట్లో బాగాలేక రెండు సార్లు బయటికి వెళ్ళాను. నేను వెళ్ళినట్టు చూసింది మీరొక్కరే అనుకున్నాను. అందుకే మిమ్మల్ని కనిపెట్టి ఉన్నాను."

"నేనెందుకు చేస్తానండీ?"

"మీరు అధికార పక్షం కదా. తీరా చూస్తే మీ బిల్లే పోతోంది. అప్పుడు ఇంకోలా అనుకున్నాను." ఆమె పుస్తకం మూసింది. "మీ బిల్లు మీరే చంపుకుంటున్నారనుకున్నాను. జనం కోసం తేవడం, పెద్దల కోసం సమయానికి లేచి వెళ్ళిపోవడం. మీరు లేవడమే సైగ అనుకున్నాను."

కండక్టరమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. ఆసుపత్రి చీటీ తీసి మడిచి సంచిలో పెట్టుకుంది. కోపం ముందు వచ్చింది. కానీ ఎదురుగా కూర్చున్న మనిషిని తాను వారం రోజులుగా ఏమనుకుందో గుర్తొచ్చి, ఆ కోపం నోటిదాకా రాలేదు.

"అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళిన చీటీ సంగతేమిటి?" అంది.

"అది నాకూ తెలీదు. నా సీట్లోంచి చీటీ వెళ్ళడం కనిపిస్తుంది, రాసిందెవరో కనిపించదు."

ఇద్దరూ కలిసి అధ్యక్షుడి కార్యాలయానికి వెళ్ళారు. అక్కడి గుమాస్తా ఇద్దర్నీ కలిపి చూడటం అదే మొదటిసారి. కలం కింద పెట్టి లేచి నిలబడ్డాడు. వరుస మార్పు కోరిన చీటీలు చూపించమంటే తటపటాయించాడు.

"సభ్యులు అడిగితే చూపించాలా వద్దా?" అంది టీచరమ్మ, బడిలో అడిగినట్టు.

"చూపించాలండి. ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

వరుస మార్చాలంటే రెండు పక్షాల విప్‌లూ సంతకం పెట్టాలట. ఆ నియమం సంగతి ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. మూడు చీటీలు బయటికొచ్చాయి. పీట బిల్లుకి రెండు, హాస్టళ్ళ బిల్లుకి ఒకటి. మూడింటి మీదా అవే రెండు సంతకాలు. ఒకటి టీచరమ్మ పార్టీ విప్‌ది. రెండోది కండక్టరమ్మ బాగా ఎరిగిన, తన పార్టీ విప్ సంతకం. ఎన్నికల్లో ఆమె నామినేషను పత్రం మీద ప్రతిపాదకుడిగా ఉన్న సంతకం అది.

ఆయన్ని ఆమె అన్నా అంటుంది. టికెట్లు కొట్టే మనిషికి పార్టీ టికెట్ ఇప్పించింది ఆయనే. వాన పడుతుంటే గొడుగు పట్టి వీధివీధీ తిప్పాడు. సభలోంచి బయటికెళ్ళేటప్పుడు విప్‌కి చెప్పి వెళ్ళాలన్నది పద్ధతి. రెండు శుక్రవారాలూ ఆమె స్వయంగా ఆయన దగ్గరికి వంగి, "అన్నా, ఇప్పుడే వచ్చేస్తా" అని చెప్పి మరీ వెళ్ళింది. బస్సంతా వెతికింది, డ్రైవరు సీటు వైపు మాత్రం చూడలేదు.

ఇద్దరూ వరండాలోకి వచ్చారు.

"నేనూ మా విప్‌కే చెప్పి వెళ్ళాను" అంది టీచరమ్మ. "రేపు ఈ సమావేశాల్లో ఆఖరి శుక్రవారం."

"రేపు కూడా చెప్పే వెళ్తాను" అంది కండక్టరమ్మ. "కానీ సమర్థించేవాళ్ళు కావాలి. మా వాళ్ళెవరూ లేవరు."

టీచరమ్మ "చూద్దాం" అంది. ఆ "చూద్దాం" కండక్టరమ్మని తెల్లారేదాకా గుచ్చింది.

మర్నాడు జాబితాలో ఆమెది ఎనిమిదోది. మొదటి బిల్లు మీద ఒక పెద్దమనిషి సాగదీస్తున్నాడు. ఆమె లేచి విప్ దగ్గరికి వెళ్ళి వంగింది.

"అన్నా, ఇప్పుడే వస్తా."

"వెళ్ళిరామ్మా" అన్నాడాయన ఆప్యాయంగా. "పరుగెత్తకు, మెట్ల మీద జారతావు. నీది ఎనిమిదోది కదా."

తలుపు దాటి బయటి నడవలో గోడకి ఆనుకుని నిలబడింది. తలుపు దగ్గరుండే ముసలి బంట్రోతు ఆమెని ఎగాదిగా చూశాడు. "అమ్మా, లోపలికా బయటికా? ఇక్కడ నిలబడితే నాకు మాటొస్తుంది."

"ఫుట్‌బోర్డు మీద ఉన్నా తాతా. రెండు నిమిషాలు ఓర్చుకో."

అతను పెదవి బిగించి, తలుపు కాస్త వారగా తీసి ఉంచాడు. లోపల కాగితాల చప్పుడు. అధ్యక్షుడి గొంతు. "వరుసలో మార్పు. ఎనిమిదో అంశం ముందు తీసుకుంటున్నాం. దుకాణాల్లో కూర్చునే సౌకర్యం బిల్లు. గౌరవ సభ్యురాలు సభలో..."

"ఉన్నాను అధ్యక్షా" అంటూ తలుపు తోసుకుని వచ్చింది.

సభ ఒక్కసారిగా సద్దుమణిగింది. అధ్యక్షుడు చేతిలో చీటీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె తన సీటు దాకా నడిచి, రెండు పేజీల బిల్లు తీసి, "ప్రవేశపెడుతున్నాను" అంది.

"సమర్థించేవారు?"

అధికార పక్షంలో ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకుంటున్నారు. విప్ కళ్ళజోడు సర్దుకున్నాడు. కండక్టరమ్మ నడవ అవతలికి చూసింది. టీచరమ్మ కూర్చునే ఉంది. పక్కన ఆమె విప్ ఆమె చెవిలో ఏదో చెబుతున్నాడు. నమ్మి మోసపోయానా, మళ్ళీ మొహం చదవడంలో తప్పానా అనుకుంది కండక్టరమ్మ.

"సమర్థించేవారు ఎవరైనా ఉన్నారా?" అధ్యక్షుడు రెండోసారి అడిగాడు.

టీచరమ్మ తన విప్ మాట పూర్తయ్యేదాకా విని, తల ఊపి, లేచింది. "సమర్థిస్తున్నాను అధ్యక్షా. అవునన్నవాళ్ళ పేర్లు, కాదన్నవాళ్ళ పేర్లు విడివిడిగా రాయించాలని కూడా కోరుతున్నాను."

పేర్లు రాస్తారనేసరికి కాదనేవాళ్ళు ఒక్కరూ లేకపోయారు. బిల్లు పరిశీలనకి సభా సంఘానికి వెళ్ళింది. అక్కడ ఏడు నెలలు నానింది. మనిషికో పీట కాస్తా ముగ్గురికో పీట అయింది. అయినా చట్టమైంది. చెల్లెలి దుకాణంలో నాలుగు పీటలు వేశారు. ఎవరి వంతు ఎప్పుడన్న గొడవ మాత్రం ఆ ఆడవాళ్ళ మధ్య ఇంకా తెగలేదు.

ఆ శుక్రవారం సభ ముగిశాక విప్ ఆమె కోసం మెట్ల దగ్గర ఆగాడు. మొహం చిన్నబోయి ఉంది.

"అయితే నన్ను అనుమానించావన్న మాట" అన్నాడు.

"అందర్నీ అనుమానించాను, మిమ్మల్ని తప్ప" అంది ఆమె. "అదే నేను చేసిన తప్పు."

ఆయన ఇంకేదో చెప్పుకొచ్చాడు. పై నుంచి ఒత్తిడి, నీకు తెలీదు, ఇలాంటివి. ఆమె నిలబడి అంతా విన్నది, నమస్కారం పెట్టి కిందికి దిగిపోయింది. తరవాతి ఎన్నికల్లో పార్టీ ఆమెకి టికెట్ ఇవ్వలేదు. స్వతంత్రంగా నిలబడితే మూడు వందల చిల్లర ఓట్లతో గట్టెక్కింది.

టీచరమ్మా ఆమే స్నేహితులయ్యారని పత్రికలు రాశాయి. అది నిజం కాదు. ఒకరి కాగితాలు ఒకరు చూసుకోలేదు, ఒకరి ఫోను మోగితే ఇంకొకరు తలెత్తకుండా ఉండలేకపోయారు. ఆ ఎన్నికలకి ముందే, తరవాతి సమావేశాల్లో టీచరమ్మ హాస్టళ్ళ బిల్లు మళ్ళీ తెచ్చింది. సమర్థించమని అడుగుతూ ఒక ప్రతిని కండక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

కండక్టరమ్మ దాన్ని నాలుగుసార్లు చదివింది. వేలు పెట్టి, పదం పదం. టీచరమ్మ ఎదురుగా కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది.

"ఇక్కడ హాస్టళ్ళు 'తగిన చోట' కట్టాలని రాశారు" అంది కండక్టరమ్మ. "ఎవరికి తగిన చోట? పిల్లలకా, స్థలం అమ్మేవాడికా?"

టీచరమ్మ కాగితం తన వైపు తిప్పుకుంది. కళ్ళజోడు పైకి జరిపి చదివింది, మళ్ళీ చదివింది. "మా ఆఫీసులో టైపు చేసి ఇచ్చారు" అంది నెమ్మదిగా. "నా చేతిరాతలో ఈ మాట లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ ఎర్ర కలం తీసి ఆ రెండు పదాలూ కొట్టేసింది. తరవాత మొదటి పేజీ నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టారు. ఈసారి ఇద్దరూ కలిసి, పైకి.