బానెట్ ఎత్తిన ఆదివారాలు

కృపమ్మను చంపింది ఆమె సొంత అన్న బాబూరావు. భట్టిప్రోలులో ఎవరేమనుకున్నా, ఆమె మొగుడు దేవదానానికి ఇది తేలిపోయిన సంగతి. పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత ఖాయం.

చంపడానికి కత్తి, విషం అక్కర్లేకపోయింది. ఒక పికప్పు బండి చాలింది.

ఎక్కడో ఆసుపత్రి నడిపిన దొరలు తమ దేశం వెళ్లిపోతూ అమ్మేసిన జపాను పెట్రోలు బండి అది. పంతొమ్మిది వందల తొంభైలో బాబూరావు కొన్నాడు, దేవదానం తోలాడు. రేపల్లెలో రొయ్యలు, ఐసు ఎత్తుకుని ఒకరోజు తెనాలి, ఒకరోజు బాపట్ల. వచ్చింది చెరిసగం.

అన్ని బండ్లకూ ఉండే కార్బురేటర్ దానికి లేదు. టాంకులో మునిగి ఉండే మోటారు ఒకటి పెట్రోలును బలంగా తోస్తే, ఇంజను మీద సూదుల్లాంటివి దాన్ని తుంపరగా లోపలికి చిమ్ముతాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ అన్నారు. ఆ చుట్టుపక్కల అలాంటిది ఎవరూ చూడలేదు. బాబూరావు గర్వమంతా అందులోనే ఉంది. ఆయన చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ఆరాధన ముగిసీ ముగియకముందే చర్చి బయట బానెట్ ఎత్తి నిలబడేవాడు.

"చూడండి, కార్బురేటరే లేదు! దొరల బుర్ర అంటే అదీ!"

పాస్టరుగారు కూడా వంగి చూసి, ఏమీ అర్థం కాకపోయినా తల ఊపేవారు.

మోటారు అప్పుడప్పుడూ మొరాయించేది. తెనాలి మెకానిక్ మహబూబ్ సుభాని మొదట్లోనే చెప్పాడు.

"ఇది మన దగ్గర దొరికే సరుకు కాదన్నా. పీకేసి అంబాసిడర్ కార్బురేటర్ బిగిస్తా. రేపు దార్లో పంపు పోయినా, కాబిన్ మీద పెట్రోలు డబ్బా కట్టి, గొట్టం తగిలించుకుని ఇంటికొచ్చేస్తావ్. ఈ ఇంజెక్షనుకి ఆ దారి లేదు."

బాబూరావు ఎగిరిపడ్డాడు. "పట్టుచీరకి గోనెపట్టా అతుకేస్తావా సుభానీ? నలుగురూ నవ్వరూ?"

దేవదానం ఈ మాటను పట్టుకున్నాడు. మిగతావి వదిలేశాడు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం కృపమ్మ కడుపు పట్టుకుని వాకిట్లో కూలబడింది. బండిలో పడుకోబెట్టి తెనాలి బయల్దేరారు. వేమూరు దాటి, జంపని ఇవతల కాలవ గట్టు మీద బండి ఆగింది. టాంకులో మోటారు చప్పుడు లేదు. వడ్లబస్తాలతో వస్తున్న ట్రాక్టరాయన దిగి, సాయానికి తన డబ్బా, గొట్టం తెచ్చాడు. బానెట్‌లోకి చూసి నోరు వెళ్లబెట్టాడు.

"పెట్రోలు ఎందులో పొయ్యాలి బాబూ? కార్బురేటర్ ఏదీ?"

చివరికి తాడు కట్టి ఈడ్చుకుపోయాడు. చినరావూరు రాకముందే కృపమ్మ మూలుగు ఆగిపోయింది. పేగు పగిలిందని, ఒక్క గంట ముందు తెస్తే బతికేదని డాక్టరు అన్నాడు.

సమాధి మన్ను ఆరకముందే దేవదానం బండిని సుభాని షెడ్డుకు ఈడ్పించాడు. బాబూరావు కూడా వచ్చి షెడ్డు బయట రాయి మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

సూదులు ఊడదీసి ఆ బొక్కలు మూశారు. టాంకులో మోటారు కూడా బయటికి తీశారు. "ఇది ఉంచితే ఆ తోపుకి కార్బురేటర్ తట్టుకోదు, పొంగి ఇంజనంతా కారుద్ది" అని సుభాని మెత్తగా తోసే చిన్న పంపు పెట్టాడు. ఇంజను మీద కార్బురేటర్ కూర్చోవాలంటే మధ్యలో ఒక ఇనప ప్లేటు కావాలి. సుభాని దాన్ని అప్పటికప్పుడు కోయలేదు. అటక మీద నుంచి తీశాడు. కోసి, బెజ్జాలు వేసి ఉన్న ప్లేటు. తుప్పు పట్టింది. తుడుస్తూ ఏదో చెప్పబోయాడు. దేవదానం మొహం చూసి ఊరుకున్నాడు. దేవదానం అడగలేదు.

బండి లేచింది. మళ్లీ ఆగలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, బాబూరావు నిలబడే చోటే దేవదానం బండి పెట్టి బానెట్ ఎత్తాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు. ఏంటని వచ్చిన ప్రతివాడికీ కార్బురేటర్ చూపించి, "ఇది ముందే పెట్టుంటే ఏమయ్యేదో మా బావగారు చెప్తారు, అడగండి" అనేవాడు, ఎంతో మర్యాదగా.

"ఏంటి దేవదానం, వారం వారం బండికి జ్వరం చూస్తన్నావా?" అని సంఘంలోని యోబు నవ్వబోయాడు. తన నవ్వు తప్ప ఇంకోటి వినపడక తల దించుకుని పోయాడు.

బాబూరావు మొదట వెనక బెంచీకి మారాడు. తర్వాత సంఘపెద్దగా ఉండనన్నాడు. తర్వాత చర్చికే రావడం మానేశాడు. అప్పుడు దేవదానం బండిని ఆయన వాకిటి ముందు ఆపి బానెట్ ఎత్తడం మొదలుపెట్టాడు.

రెండో ఏడు వేసవిలో ఒక పొద్దున బాబూరావు పెళ్లాం ప్రమీల చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"తమ్ముడూ, ఆయనకి గుండెల్లో నొప్పి. చెమటలు కారిపోతన్నయ్. బండి తియ్యయ్యా!"

తీశాడు. ముగ్గురూ ముందు సీట్లోనే కూర్చున్నారు. జంపని ఇవతల కాలవ గట్టు మీద ఆపి, తాళం తిప్పి తీసేశాడు. దిగి బానెట్ ఎత్తాడు. గుడ్డ తీసుకుని కార్బురేటర్ తుడవసాగాడు, తీరుబడిగా.

"ఏంటయ్యా ఇది? బండి బాగానే ఉందిగా!" ప్రమీల కేకలు పెట్టింది.

"బాగానే ఉందక్కా. బావకి చూపిద్దామని. బానెట్ ఎత్తి చూడ్డం ఆయనకి సరదా గదా. దిగు బావా, చూద్దువుగాని."

బాబూరావు దిగలేదు. కిటికీ మీద చెయ్యేసి, ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఆ కార్బురేటర్ కింద ప్లేటు ఎవరు కోయించారో సుభానిని అడిగావా బావా?"

దేవదానం చెయ్యి ఆగింది.

"నేనే కోయించా. నవ్వితే నవ్వనీలే అనుకున్నా. బండి తీసుకెళ్లి షెడ్డులో పెట్టమని నీ ఇంటికొచ్చి చెప్పా. నాలుగు రోజులు ఆగితే రొయ్యల బేరం పోద్దని నువ్వే పెట్టలా."

"మరి ఇన్నాళ్లూ నోరెందుకు మూసుకున్నావయ్యా?" ప్రమీల ఏడ్చింది.

"చెల్లెలు ఎటూ పోయింది. ఈణ్ణి కూడా ఎందుకు చంపడం అని."

బాబూరావు ఇంటికొచ్చి చెప్పిన ఆ రోజు దేవదానానికి బాగానే గుర్తుంది. అన్నం వడ్డిస్తూ, "అన్న చెప్తన్నాడుగా, పెట్టి రారాదూ" అంది కృపమ్మ. సీజను అయ్యాక చూద్దాంలే అన్నాడు తను.

బానెట్ దించాడు. తెనాలి దాకా బండి గాలిలా పోయింది.

బాబూరావు బతికాడు. దేవదానం లోపలికి వెళ్లి చూడలేదు. ఆదివారాలు బానెట్ ఎత్తడం మానేశాడు. ఎందుకు మానాడో ఎవరికీ చెప్పలేదు. క్షమించమని ఆయన్ని అడగలేదు. ఆయన చంపాడన్న మాట వెనక్కి తీసుకోలేదు.

చాన్నాళ్లకు రేపల్లె బస్టాండులో ప్రమీల ఎదురైంది.

"తమ్ముడూ, ఆ రోజు కాలవ గట్టు మీద ఆయనన్న మాట..."

"ఏ గట్టు? ఏ మాట?" అన్నాడు దేవదానం. "ఆ సంగతి నా దగ్గర ఎత్తొద్దక్కా. నేనెత్తను. నన్ను మట్టిలో పెట్టేదాకా ఎత్తను."