మోగే నలుపు

తిరుచానూరులో వరదయ్య పటాల అంగట్లో అమ్మేవన్నీ అతని భార్య జ్ఞానాంబ వేసిన బొమ్మలే. ఇంటిపని అయ్యాక వెనక వరండాలో కూచుని అమ్మవారి పటాలు వేసేది. ఆమె కుంచె ఆనితే రంగు మోగేది. పసుపు తంబూరాలా మోగేది, ఆకుపచ్చ గజ్జెల్లా. రంగు ఆరేదాకా ఆ మోత ఉండేది. మధ్యాహ్నం కునుకు తీసే పక్కింటావిడ మాత్రం, "కాసేపు ఎరుపు ముట్టుకోవద్దమ్మా" అని గోడ మీంచి అడిగేది.

జ్ఞానాంబ మనసేమో ఎరుపు మీదే. నలుపంటే ఇంకా పిచ్చి. ఏళ్లతరబడి అదే తామరపువ్వు, అదే చిరునవ్వు వేసి వేసి విసుగెత్తి వేళ్లు కుదురుగా నిలిచేవి కావు. అన్నం వారుస్తూ కూడా మసిగుడ్డతో నేలమీద ఏదో గీసేది.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఆమె తమ్ముడు కోదండం స్కూటర్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. తిరుపతిలో రాక్ పాటలు వాయించే కుర్రాళ్ల జట్టులో గిటార్ అతనిది. పుత్తూరు కట్టుతో అక్క ఇంటికొచ్చాడు.

"అక్కా, ఆదివారం చిత్తూర్లో కచేరీ ఉండాది. నేను లేకుంటే వేలూరోణ్ని పెట్టుకుంటారంట. ఇంక నన్ను పిలవరు. నువ్వు రా."

"నాకు గిటార్ యాడొచ్చురా?"

"గిటారెందుకు? తెల్లగుడ్డ కడతాం. బొమ్మెయ్యి."

వరదయ్య ఒప్పుకోలేదు. "నలుగురి ముందర ఆ గోలేంది?" అన్నాడు.

ఆదివారం ఆమె రంగుడబ్బాలు సంచిలో వేసుకుని బస్సెక్కింది. తిట్టుకుంటూ వరదయ్యా ఎక్కాడు.

డ్రమ్ములు మొదలయ్యాయి. జ్ఞానాంబ జనానికి వీపు పెట్టి నిలబడి, భయంతో, అలవాటైన పసుపుగీత గీసింది. తంబూరా మోగింది. జనం ఎగతాళిగా ఈలలేశారు. కోదండం తల దించుకున్నాడు. డ్రమ్ముల దెబ్బలు వేదిక చెక్కల్లోంచి ఆమె మడమల్లోకి, అక్కణ్నుంచి భుజంలోకి ఎక్కాయి. కుంచె అవతల పారేసి, అరచెయ్యి నలుపులో ముంచి గుడ్డకు అడ్డంగా ఈడ్చింది.

గిటార్ లేకుండానే గిటార్ గర్జించింది. ఎరుపు చిమ్మితే ఆ స్వరం చీలి పైకి లేచింది. ఈలలు ఆగిపోయాయి. జనం కుర్చీలు వదిలి వేదిక దగ్గరికి తోసుకొచ్చారు.

పాట సగంలో ఉండగానే గుడ్డ నిండిపోయింది. రంగు కారుతున్న చేతులతో ఆమె దిక్కులు చూసింది. ముందు వరసలోంచి వరదయ్య లేచి, తెల్లచొక్కా విప్పి వేదిక మీదికి విసిరాడు.

"ఆపొద్దు మే! దీని మీద ఎయ్యి!"

తర్వాత జట్టు బెంగళూరుకు పోయినప్పుడు వ్యాన్‌లో జ్ఞానాంబ పక్కన తెల్లగుడ్డ తానులు ఒళ్లో పెట్టుకుని వరదయ్య కూచున్నాడు. "ఇవీ చాలకుంటే ఆ ఊర్లో యాడ తెచ్చేది?" అని దోవ పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.